దారం, నట్టు, సెల్‌ఫోనుతో ‘జి’ని కొలుద్దాం

భౌతికశాస్త్రం పుస్తకం తెరిచామంటే ద్రవ్యరాశి, భారం, త్వరణం, ఆవర్తన కాలం, కంపన పరిమితి అంటూ పదాలు వరసకడతాయి. నిర్వచనాలు వల్లెవేస్తే పరీక్ష దాకా గుర్తుంటాయి, ఆ తర్వాత ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. అందుకే ఈసారి నిర్వచనాలను పక్కన పెట్టి ఒక లఘులోలకం కడదాం. దానితో భూమి వస్తువులను ఎంత త్వరణంతో లాగుతోందో, అంటే ‘జి’ విలువ ఎంతో మన ఇంట్లోనే కొలుద్దాం. ఈ పనిలో పై పదాలన్నీ ఒక్కొక్కటిగా ఎదురవుతాయి. ఎదురైన చోటే ఆగి అర్థం చేసుకుందాం. ఇంతకుముందు ఏ ప్రయోగమూ చేయనివారు కూడా ఒక సాయంత్రంలో పూర్తి చేయగలిగిన పని ఇది.

కావలసినవి

• సుమారు ఒకటిన్నర మీటర్ల గట్టి, సాగని దారం. పొట్లాలు కట్టే టైను దారం బాగా పనికొస్తుంది. నైలాన్ తాడు బరువుకు సాగుతుంది, కాబట్టి వద్దు. గాలిపటాల మాంజా అసలే వద్దు, చేతులు తెగుతాయి.

• హార్డ్‌వేర్ షాపులో దొరికే పెద్ద ఇనుప నట్టు ఒకటి. గుండ్రటి ఇనుప గుండు కంటే ఇదే తేలిక. బొక్కలోంచి దారం దూర్చి కట్టేయవచ్చు.

• రెండు చెక్క స్కేళ్లు, రెండు మూడు రబ్బరు బ్యాండ్లు, నాలుగైదు లావుపాటి పుస్తకాలు.

• స్టీలు టేపు. దర్జీలు వాడే గుడ్డ టేపు పాతబడేకొద్దీ సాగుతుంది. మన కొలతకు అది నమ్మదగినది కాదు.

• సెల్‌ఫోనులోని స్టాప్‌వాచ్, ఒక నోటుపుస్తకం, పెన్ను. చిత్తు కాగితం మీద రాయకండి. తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత వెతుక్కోవడానికి ప్రతి అంకే కావాలి.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు

ద్రవ్యరాశి అంటే వస్తువులో ఉన్న పదార్థం ఎంత అన్నది. దాన్ని కిలోగ్రాముల్లో చెబుతాం. భారం అంటే ఆ వస్తువును భూమి లాగే బలం. దాన్ని న్యూటన్లలో చెబుతాం. కిలో పంచదారను చంద్రుడి మీదికి తీసుకెళ్లినా అది కిలో పంచదారే. దాని భారం మాత్రం ఇక్కడ సుమారు 9.8 న్యూటన్లయితే అక్కడ 1.6 న్యూటన్లే. ఈ రెండింటినీ కలిపే అంకె జి. ద్రవ్యరాశిని జితో గుణిస్తే భారం వస్తుంది.

జి ఒక త్వరణం. చేతిలోంచి జారిన రాయి మొదటి సెకను చివర సెకనుకు 9.8 మీటర్ల వేగంతో పడుతుంటే, రెండో సెకను చివరికి ఆ వేగం 19.6 అవుతుంది. వేగం సెకను సెకనుకూ ఎంత పెరుగుతోందో చెప్పేది త్వరణం కాబట్టే దాన్ని మీటర్లు/సెకను² అని రాస్తాం. రెండుసార్లు సెకను ఎందుకు వచ్చిందని చాలామంది తికమకపడతారు. సెకనుకు ఇన్ని మీటర్ల వేగం చొప్పున, ప్రతి సెకనూ పెరుగుతోందని విడదీసి చదవండి, సరిపోతుంది.

పడుతున్న రాయిని నేరుగా కొలవాలంటే కష్టం. కళ్లు మూసి తెరిచేలోపు నేల మీద ఉంటుంది. లోలకం అదే భూమ్యాకర్షణను నిదానంగా, మళ్లీ మళ్లీ చూపిస్తుంది.

లోలకం కట్టడం

1. నట్టు బొక్కలోంచి దారం దూర్చి, ముడి బిగించండి. రెండో ముడి కూడా వేయండి. ఊగుతుండగా ముడి జారితే పొడవు మారిపోతుంది, అది కంటికి కనిపించదు కూడా.

2. దారం పైకొసను రెండు చెక్క స్కేళ్ల చివర్ల మధ్య పెట్టి, స్కేళ్లను రబ్బరు బ్యాండ్లతో గట్టిగా బిగించండి. దారం సరిగ్గా స్కేళ్ల కింది అంచు నుంచి వేలాడాలి. మేకుకు ముడివేసి వేలాడదీయాలని అనిపిస్తుంది కానీ అలా చేయవద్దు. ఊగేటప్పుడు ముడి మేకు చుట్టూ కదులుతుంది, దారం ఎక్కడి నుంచి ఊగుతోందో తేల్చి చెప్పలేం.

3. స్కేళ్లను బీరువా మీదో, ఎత్తయిన అల్మారా మీదో పెట్టి, నాలుగు వేళ్ల మేర అంచు బయటకు రానిచ్చి, పైన పుస్తకాలు పేర్చండి. చివరను వేలితో మెల్లగా తట్టి చూడండి. ఊగిందంటే ఇంకో రెండు పుస్తకాలు కావాలి. ఆధారమే కదిలితే లోలకం చెప్పే కాలం తప్పవుతుంది.

4. పొడవును సరిచేయండి. స్కేళ్ల కింది అంచు నుంచి నట్టు బొక్క మధ్య బిందువు వరకు సరిగ్గా 100 సెంటీమీటర్లు ఉండాలి. నట్టు భారమంతా ఒక్క బిందువు దగ్గరే ఉందనుకుంటే ఆ బిందువే దాని గరిమనాభి. నట్టుకు అది బొక్క నడిమధ్యలో ఉంటుంది. పదార్థం లేని చోట గరిమనాభి ఉండటం వింతగా అనిపించవచ్చు, కానీ చుట్టూ ఇనుము సమానంగా ఉంది కదా.

పొడవును దారం నేల మీద పరిచి కొలవకండి. నట్టు వేలాడుతూ దారం బిగిసి ఉన్నప్పుడే కొలవండి.

కాలం కొలవడం

5. ఫ్యాను ఆపండి. కిటికీలోంచి గాలి కొడుతుంటే మూసేయండి.

6. నట్టు కదలకుండా నిలిచిన చోటు విరామ స్థానం. దాని వెనక గోడ మీద పెన్సిలుతో ఒక నిలువు గీత గీయండి, లేదా వెనక ఒక కుర్చీ పెట్టి దాని కాలును గుర్తుగా వాడండి.

7. నట్టును పక్కకు లాగండి. పొడవులో పదో వంతుకు మించవద్దు. మన మీటరు లోలకానికి 10 సెంటీమీటర్లు చాలు. విరామ స్థానం నుంచి ఇలా ఒక పక్కకు వెళ్లే గరిష్ఠ దూరాన్ని కంపన పరిమితి అంటారు.

8. వదిలేయండి. తోయవద్దు, ఉత్తినే వదలండి. తోస్తే నట్టు గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. పైనుంచి చూస్తే ఒకే గీత మీద ముందుకూ వెనక్కూ వెళ్లాలి. కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతుంటే ఆపి, మళ్లీ వదలండి.

9. రెండు మూడు ఊపులు పోనివ్వండి, కుదురుకుంటుంది. తర్వాత నట్టు ఎడమ నుంచి కుడికి వెళ్తూ గీతను దాటిన క్షణాన ‘సున్నా’ అంటూ స్టాప్‌వాచ్ నొక్కండి. మళ్లీ అదే దిశలో, అంటే ఎడమ నుంచి కుడికి గీత దాటినప్పుడు ‘ఒకటి’. అప్పటికి ఒక డోలనం పూర్తయింది. ఇలా ‘ఇరవై’ అన్నప్పుడు ఆపండి.

ఈ తొమ్మిదో మెట్టు దగ్గర కాస్త ఆగుదాం, సగం పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. నట్టు చివరకు వెళ్లి ఆగినప్పుడు నొక్కడం తేలికని అందరికీ అనిపిస్తుంది. నిజానికి చివర్లో అది చాలా నెమ్మదిగా ఉంటుంది కాబట్టి సరిగ్గా ఏ క్షణాన ఆగిందో చెప్పలేం. మధ్య గీత దగ్గర దాని వేగం అత్యధికం, గీతను రెప్పపాటులో దాటేస్తుంది. అందుకే గుర్తు మధ్యలో పెట్టుకున్నాం.

ఇరవై ఎందుకంటే, కన్ను చూసి వేలు నొక్కేసరికి సుమారు 0.2 సెకన్ల తేడా రావచ్చు. ఒక్క డోలనానికి పట్టేది 2 సెకన్లే. అందులో 0.2 అంటే 10 శాతం తప్పు. ఇరవై డోలనాలకు 40 సెకన్లు. అందులో అదే 0.2 అర శాతమే. చేతి చురుకుదనం పెంచుకోకుండానే కొలత ఇరవై రెట్లు మెరుగయింది. ప్రయోగశాలల్లో వాడే ఇంత అందమైన ఉపాయం చేతిగడియారం ఉన్న ఎవరికైనా అందుబాటులో ఉండటం నాకు ఎప్పటికీ సంతోషమే.

10. ఇదే మూడుసార్లు చేయండి. మూడు అంకెలూ రాయండి. ఒకటి మిగతావాటికి బాగా దూరంగా ఉంటే కొట్టేయకుండా, పక్కన గుర్తుపెట్టి నాలుగోసారి కొలవండి.

లెక్క కట్టడం

11. మూడింటి సగటు తీసి 20తో భాగించండి. వచ్చేది ఒక డోలనానికి పట్టే కాలం, అదే ఆవర్తన కాలం. ఉదాహరణకు 40.1, 40.3, 40.2 సెకన్లు వచ్చాయనుకుందాం. సగటు 40.2. ఆవర్తన కాలం 2.01 సెకన్లు. సెకనుకు ఎన్ని డోలనాలో చెప్పే అంకె పౌనఃపున్యం. మన లోలకానికి అది దాదాపు అర.

12. ఇప్పుడు సూత్రం: జి = 39.48 × పొడవు ÷ (ఆవర్తన కాలం × ఆవర్తన కాలం). ఈ 39.48 ఎక్కడిదో కాదు, 4ను ‘పై’ వర్గంతో గుణిస్తే వచ్చినదే. పొడవు మీటర్లలో వేయండి. మన ఉదాహరణలో 2.01 × 2.01 = 4.04. 39.48ని 4.04తో భాగిస్తే 9.77.

క్యాలిక్యులేటర్ 9.7722772 అని చూపిస్తుంది. అదంతా రాయకండి. మన టేపు, మన వేలు అంత సూక్ష్మంగా కొలవలేదు. మూడు అంకెలు చాలు.

పుస్తకంలో 9.8 అని ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర జి 9.78, ధ్రువాల దగ్గర 9.83. మన తెలుగు రాష్ట్రాలు భూమధ్యరేఖకు దగ్గరే కాబట్టి ఇక్కడ 9.78 చుట్టుపక్కల రావాలి. 9.7కీ 9.9కీ మధ్య వస్తే మీ ప్రయోగం బాగా కుదిరినట్టే.

జవాబు తప్పు వస్తే

తప్పు జవాబు వచ్చిందని నట్టు విప్పేయకండి. ఈ ప్రయోగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే: ఎంత తప్పు వచ్చిందో చూస్తే ఏ తప్పు చేశామో తెలుస్తుంది.

39 దగ్గర వచ్చిందా? మధ్య గీతను దాటిన ప్రతిసారీ లెక్కపెట్టారు, అంటే సగం ఊపును పూర్తి డోలనం అనుకున్నారు. కాలం సగమయింది. సూత్రంలో కాలానికి వర్గం ఉంది కాబట్టి జవాబు నాలుగు రెట్లయింది.

10.8 వచ్చిందా? స్టాప్‌వాచ్ నొక్కుతూ ‘సున్నా’ అనకుండా ‘ఒకటి’ అన్నారు. ఇరవై అని లెక్కపెట్టినా జరిగినవి పందొమ్మిదే. మొదటిసారి చేసేవారిలో ఎక్కువగా కనిపించే తప్పు ఇది.

978 దగ్గర వచ్చిందా? పొడవును సెంటీమీటర్లలోనే వేశారు. కొలత తప్పు కాదు, ప్రమాణం తప్పు. అంకె పక్కన ప్రమాణం రాసే అలవాటు ఉంటే ఇది జరగదు.

9.6 చుట్టూ వచ్చిందా? దారం ముడి దాకానే కొలిచి, అక్కడి నుంచి నట్టు మధ్య వరకు ఉన్న సెంటీమీటరున్నరను వదిలేశారేమో చూడండి. నట్టు అడుగు దాకా కొలిస్తే ఇందుకు విరుద్ధంగా 9.9 పైకి పోతుంది.

9.4, 9.5 వచ్చిందా? మరీ ఎక్కువ లాగి వదిలి ఉంటారు. మన సూత్రం చిన్న ఊపులకే సరిపోతుంది. పొడవులో సగం మేర పక్కకు లాగితే, అంటే 30 డిగ్రీల కోణంలో వదిలితే, ఆవర్తన కాలం 1.7 శాతం పెరుగుతుంది. జి దాదాపు 9.45కు పడిపోతుంది.

ప్రతిసారీ వేరే వేరే అంకె వస్తుంటే స్కేళ్లు కదులుతున్నాయో, ముడి జారుతోందో చూడండి.

ఇంకొంచెం ముందుకు

పొడవును 50 సెంటీమీటర్లకు, తర్వాత 25కు తగ్గించి మళ్లీ కొలవండి. ఇరవై డోలనాలకు మొదట 28.4, తర్వాత 20.1 సెకన్ల దగ్గర రావాలి. పొడవు నాలుగో వంతయితే కాలం సగమే అయింది, గమనించారా? ప్రతి పొడవునూ ఆవర్తన కాల వర్గంతో భాగించి చూడండి. మూడుసార్లూ 0.248 దగ్గరే వస్తుంది. రెండు రాశులు అనులోమానుపాతంలో ఉన్నాయని పుస్తకం చెప్పేది ఇలాంటి సందర్భంలోనే.

తర్వాత ద్రవ్యరాశి సంగతి. మూత ఉన్న చిన్న డబ్బాను నట్టు స్థానంలో కట్టి, ఒకసారి దాని నిండా మరమరాలు, ఒకసారి దాని నిండా ఇసుక పోసి కొలవండి. సగం మాత్రం నింపకండి, గరిమనాభి కిందికి దిగి పొడవు మారుతుంది. ఇసుక డబ్బా ఎన్నో రెట్లు బరువైనా ఆవర్తన కాలం దాదాపు ఒకటే. మరమరాల డబ్బాను గాలి కాస్త త్వరగా నెమ్మదింపజేస్తుంది, అంతే. భూమి బరువైన దాన్ని ఎక్కువ బలంతో లాగుతుంది, నిజమే. కానీ దాన్ని కదిలించడానికి అంతే ఎక్కువ బలం కావాలి. రెండూ సరిపోతాయి. ద్రవ్యరాశి, భారం వేర్వేరని మొదట్లో అనుకున్నది ఇక్కడ పనికొచ్చింది.

జి చోటును బట్టి మారుతుందని ప్రపంచానికి మొదట తెలిసింది కూడా లోలకం వల్లే. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు పారిస్ నుంచి భూమధ్యరేఖకు దగ్గరున్న కయెన్‌కు వెళ్లాడు. పారిస్‌లో సరిగ్గా నడిచిన లోలక గడియారం అక్కడ రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది. లోలకాన్ని కొద్దిగా కురచ చేస్తే గాని సరిగ్గా నడవలేదు. భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉందన్న వాదనకు ఆ గడియారం ఆధారమైంది. జిలోని అతి చిన్న తేడాలను బట్టి నేల కింద ఎలాంటి రాళ్లున్నాయో ఊహించే పని ఇప్పటికీ సాగుతోంది. హైదరాబాద్‌లో 1961లో మొదలైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ చేసే పనుల్లో అదొకటి. వాళ్ల పరికరాలు మన నట్టు కంటే ఎన్నో రెట్లు సున్నితమైనవి, కొలిచేది మాత్రం ఇదే జిని.

మీకు మేడ ఉంటే నాలుగు మీటర్ల దారంతోనూ చేయవచ్చు. మెట్ల పక్కన ఖాళీలోకి వేలాడదీసి, కింద ఒకరు నిలబడి లెక్కపెట్టాలి, పైన ఒకరు ఆధారం కదలకుండా చూసుకోవాలి. లాగి వదలవలసింది 40 సెంటీమీటర్ల లోపే. కింద ఉన్నవారు నట్టు వచ్చే దారికి పక్కగా నిలబడాలి, పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వకూడదు. ఒక్కో డోలనానికి నాలుగు సెకన్లు పడుతుంది కాబట్టి పది డోలనాలు లెక్కపెట్టినా చాలు.