అరచెయ్యి - పిడికిలి



ఈ రోజు ఒక ఆట ఆడుకుందాం. ఆటలు పిల్లలకే అనుకోకండి. ఈ ఆటలో లెక్క ఉంది. నమ్మకం ఉంది. మోసం కూడా ఉంది. మన బతుకులోనూ ఈ మూడూ ఉన్నాయి కదా!

ఆట ఎలా ఆడాలి?

ఇద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. మధ్యలో 60 చింతగింజలు కుప్ప పోయాలి. ఇద్దరూ కుడిచెయ్యి వెనక్కి పెట్టుకోవాలి. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. "ఒకటి, రెండు, మూడు" అనగానే ఇద్దరూ ఒకేసారి చెయ్యి ముందుకు తేవాలి.

అరచెయ్యి చూపితే "నిన్ను నమ్ముతున్నాను" అని అర్థం. పిడికిలి చూపితే "నా లాభమే నాకు ముఖ్యం" అని అర్థం.

కుప్పలోంచి గింజలు ఇలా తీసుకోవాలి:

1. ఇద్దరూ అరచెయ్యి చూపితే ఒక్కొక్కరికి 3 గింజలు.
2. ఇద్దరూ పిడికిలి చూపితే ఒక్కొక్కరికి 1 గింజ.
3. ఒకరు అరచెయ్యి, ఇంకొకరు పిడికిలి చూపితే, పిడికిలి చూపిన వారికి 5 గింజలు. అరచెయ్యి చూపిన వారికి ఏమీ రాదు.

ఒక్కసారే ఆడితే...

లక్ష్మి, సాలమ్మ ఆడుతున్నారు అనుకుందాం. లక్ష్మి మనసులో ఇలా అనుకుంది:

"వదిన అరచెయ్యి చూపిందనుకో. నేనూ అరచెయ్యి చూపితే 3 వస్తాయి. పిడికిలి చూపితే 5 వస్తాయి. పిడికిలే మేలు. వదిన పిడికిలి చూపిందనుకో. నేను అరచెయ్యి చూపితే నాకు సున్న. పిడికిలి చూపితే 1 వస్తుంది. అప్పుడూ పిడికిలే మేలు."

సాలమ్మ కూడా సరిగ్గా ఇలాగే అనుకుంది. ఇద్దరూ పిడికిలి చూపారు. చెరొక గింజ వచ్చింది.

ఇద్దరూ తెలివిగానే ఆలోచించారు. అయినా ఇద్దరూ నష్టపోయారు. ఒకరినొకరు నమ్మి ఉంటే చెరి 3 గింజలు వచ్చేవి. ఈ ఆటలో ఉన్న చిక్కు ఇదే.

ఈ చిక్కు ఎక్కడిది?

1950లో అమెరికాలో మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ అనే ఇద్దరు లెక్కల పండితులు ఇలాంటి ఆటను తయారుచేశారు. అదే ఏడాది ఆల్బర్ట్ టక్కర్ అనే ప్రొఫెసరు దానికి ఒక కథ అల్లాడు.

ఆ కథలో ఇద్దరు దొంగలు పట్టుబడ్డారు. వాళ్లను వేరు వేరు గదుల్లో పెట్టారు. "నీ తోటివాడి తప్పు చెప్పు. నిన్ను వదిలేస్తాం" అని ఇద్దరికీ విడివిడిగా ఆశ చూపారు. ఇద్దరూ నోరు విప్పకపోతే ఇద్దరికీ చిన్న శిక్షే. ఒకరి మీద ఒకరు చెప్పుకుంటే ఇద్దరికీ పెద్ద శిక్ష. కాని పక్క గదిలో వాడు ఏం చెబుతున్నాడో తెలియదు. నమ్మాలా? వద్దా? అందుకే దీనికి "ఖైదీల చిక్కుముడి" అనే పేరు వచ్చింది.

మళ్లీ మళ్లీ ఆడితే...

ఇప్పుడు లక్ష్మి, సాలమ్మ పదిసార్లు ఆడారు. సాలమ్మ ఒక పద్ధతి పెట్టుకుంది. "మొదట నేను నమ్ముతాను. ఆ తర్వాత లక్ష్మి కిందటిసారి ఏం చూపిందో, నేను ఈసారి అదే చూపుతాను" అనుకుంది. లక్ష్మి మాత్రం ప్రతిసారీ పిడికిలే చూపింది.

మొదటిసారి లక్ష్మికి 5 గింజలు. సాలమ్మకు సున్న. ఆ తర్వాత తొమ్మిదిసార్లూ ఇద్దరివీ పిడికిళ్లే. చెరొక గింజ చొప్పున వచ్చాయి. ఆఖరికి లక్ష్మికి 14, సాలమ్మకు 9.

"చూశావా వదినా! నేనే గెలిచాను" అంది లక్ష్మి.

"గెలిచావులే లక్ష్మీ! పక్కన ఆడేవాళ్ల గింజలు లెక్కపెట్టు" అంది సాలమ్మ.

పక్క జంట పదిసార్లూ అరచెయ్యే చూపారు. వాళ్లకు చెరి 30 గింజలు వచ్చాయి!

లక్ష్మి వదినను ఓడించింది. కాని తనకు రావలసిన 16 గింజలు పోగొట్టుకుంది.

కంప్యూటర్ల పోటీ

అమెరికాలో రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ అనే ప్రొఫెసరు 1980 ప్రాంతంలో ఒక పోటీ పెట్టాడు. "ఈ ఆట ఆడే పద్ధతి రాసి పంపండి. కంప్యూటర్లో ఆడించి చూస్తాను" అని పండితులను అడిగాడు. 14 పద్ధతులు వచ్చాయి. ప్రతి పద్ధతినీ మిగిలిన వాటితో 200 సార్లు ఆడించాడు. కొన్ని పద్ధతులు చాలా జిత్తులమారివి. నమ్మించి, సమయం చూసి దెబ్బతీసేవి.

గెలిచింది ఏదో తెలుసా? అన్నిటికంటే చిన్న పద్ధతి. మన సాలమ్మ పద్ధతే! అనటోల్ రాపొపోర్ట్ అనే ప్రొఫెసరు దాన్ని పంపాడు. రెండోసారి పోటీ పెడితే 62 పద్ధతులు వచ్చాయి. మళ్లీ అదే గెలిచింది.

ఇందులో ఒక వింత ఉంది. ఆ పద్ధతికి ఏ ఒక్క ఆటలోనూ ఎదుటివారికంటే ఎక్కువ రాలేదు. అయినా అన్ని ఆటలూ కలిపితే మొత్తం దానికే ఎక్కువ వచ్చింది.

అది ఎందుకు గెలిచింది?

మొదట తాను మోసం చెయ్యదు.
మోసం చేస్తే ఊరుకోదు. వెంటనే జవాబు చెబుతుంది.
ఎదుటివారు మారితే పగ పెట్టుకోదు. తానూ మారుతుంది.
దాని నడత దాపరికం లేనిది. అందరికీ తేలిగ్గా అర్థమవుతుంది.

ఒక్క జాగ్రత్త. పొరపాటున ఒకరు పిడికిలి చూపితే, దానికి ఇది, దీనికి అది అంటూ పగ సాగుతూనే ఉంటుంది. అందుకని అప్పుడప్పుడు ఒక తప్పు క్షమించడం మంచిదని తర్వాత లెక్కలు కట్టినవారు చెప్పారు.

మన బతుకులో...

1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా మీద పోరాడారు. ఆ తర్వాత పొదుపు సంఘాలు కట్టుకున్నారు. రోజుకో రూపాయి దాచుకున్నారు. ఒకరి డబ్బు ఇంకొకరు అప్పు తీసుకుంటారు. ఎగ్గొడితే ఆ రోజుకు లాభమే. మరి ఎందుకు తిరిగి కడతారు? మళ్లీ సమావేశం ఉంది. మళ్లీ అప్పు అవసరం ఉంది. పుస్తకంలో లెక్క ఉంది. అది అందరి ముందూ చదువుతారు. అంటే ఇది మళ్లీ మళ్లీ ఆడే ఆట. అందుకే నమ్మకం నిలబడుతుంది.

"నగలకు మెరుగు పెడతాం" అంటూ వచ్చేవాడి సంగతి వేరు. ఫోన్ చేసి "మీ ఫోన్‌కు వచ్చిన నంబరు చెప్పండి" అని అడిగేవాడి సంగతీ అంతే. వాడు మనకు మళ్లీ కనబడడు. వాడిది ఒక్కసారి ఆడే ఆట. అక్కడ పిడికిలి విప్పకండి. నగ ఇవ్వకండి. నంబరు చెప్పకండి.

మనిషి మంచివాడా అని మాత్రమే చూడకండి. "రేపు మళ్లీ కనబడతాడా? లెక్క రాసి ఉందా? రసీదు ఇచ్చాడా?" అని కూడా చూడండి. మీకు చదువు వచ్చింది. సంతకం పెట్టే ముందు చదవండి. మోసగాడికి అదే మొదటి దెబ్బ.

ఆలోచించండి - చెప్పండి

1. ఇద్దరూ పదిసార్లూ పిడికిలే చూపితే ఒక్కొక్కరికి ఎన్ని గింజలు వస్తాయి?
2. సాలమ్మ మొదటిసారి ఎందుకు నమ్మింది? రెండోసారి ఎందుకు పిడికిలి చూపింది?
3. మీ సంఘంలో లెక్కల పుస్తకం ఎవరు చదువుతారు? మీరూ ఒకసారి చదివి చూడండి.

ఆడండి

ఇద్దరిద్దరు కూర్చుని ఈ ఆట ఆడండి. ఎన్నిసార్లు ఆడాలో ముందే చెప్పకండి. ఇదే ఆఖరిసారి అని తెలిస్తే పిడికిలి బిగించాలనిపిస్తుంది! గింజలు లెక్కపెట్టి పలకమీద రాయండి. ఏ జంటకు ఎక్కువ వచ్చాయో, ఎందుకు వచ్చాయో మాట్లాడుకోండి.