చలి రాత్రి – కప్పుకొనే వస్త్రం
వాక్యభాగం: నిర్గమకాండము 22:26-27

పొరుగువాని వస్త్రాన్ని కుదువ పెట్టుకుంటే సూర్యుడు అస్తమించేలోగా తిరిగి ఇచ్చేయాలని దేవుడు ఆజ్ఞాపించాడు. రాత్రి కప్పుకోవడానికి వానికి అదొక్కటే ఉంది. అప్పు న్యాయమైనదే కావచ్చు. అయినా చలికి వణికేవాని మొర దేవుడు వింటాడు. పౌలు సైతం చెరలోనుండి, త్రోయలో విడిచివచ్చిన తన అంగీని తెమ్మని తిమోతికి వ్రాశాడు (2 తిమోతి 4:13).

ఇక్కడ బ్రిటన్‌లో గ్యాస్ బిల్లుకు భయపడి మనం హీటింగ్ తగ్గిస్తాం. స్వెటర్, శాలువా, సాక్సులు మంచివే. ఒక్క మందపాటి బట్టకంటే పలుచనివి రెండు మూడు ఒకదానిమీద ఒకటి వేసుకోవడం మేలు. వాటి మధ్య నిలిచిన గాలి ఒంటి వేడిని పోనివ్వదు. అయితే పెద్దవారికి అవి మాత్రమే చాలవు. 65 ఏళ్లు దాటినవారు ఉండే గదిలో కనీసం 18 డిగ్రీల వేడి ఉండాలని ఎన్‌హెచ్‌ఎస్ సలహా.

ఊరినుండి వచ్చిన అమ్మానాన్నలు మనకు ఖర్చవుతుందని "నాకేం చలి లేదులే" అంటారు. ఆ మాటతో ఊరుకోకండి. వారి చేతులు పట్టుకొని చూడండి. చల్లగా ఉంటే హీటర్ వేయండి, శాలువా మీరే కప్పండి.

ఆలోచించండి: మన సంఘంలో ఈ రాత్రి చలికి వణుకుతున్నది ఎవరు?