యంత్రము వచ్చిన తరువాత నేతవాని బ్రతుకు

యంత్ర పరిశ్రమలు పెరిగితే ప్రజల జీవనము బాగుపడుతుందని కొందరు, చెడుతుందని కొందరు వాదిస్తూ ఉంటారు. మన సంఘముల సమావేశములలోనూ ఈ వాదము వింటూనే ఉన్నాము. మరమగ్గము మన నోటి కూడు తీసినదని ఒకరంటే, కాలముతో నడవక మనమే చెడినామని మరొకరంటారు. ఈ యంత్రములు మొదట పుట్టిన ఇంగ్లండులో నేతవారికి ఏమైనదో తెలిసికొంటే, ఈ వాదములో నిజమెంతో తేలుతుంది.

1733లో జాన్ కే అను అచ్చులు కట్టే పనివాడు, తాడు లాగితే దానంతట అదే అటూ ఇటూ పరుగెత్తే నాడెను కనిపెట్టినాడు. మన మగ్గములలోనూ చాలావాటికి నేడు ఉన్నది ఆ నాడెయే. దానితో నేత వేగము పెరిగి నూలు చాలక పోయినది. ఆ కరవు తీర్చడానికి 1760 తరువాత ఇరవై ఏండ్లలో హార్‌గ్రీవ్స్, ఆర్క్‌రైట్, క్రాంప్టన్ అనువారు వడికే యంత్రములు తెచ్చినారు. నూలు కుప్పలుగా వచ్చినది. నేతవానికి మంచి రోజులు వచ్చినవి. ఆ కాలపు నేతవారి ఇళ్ళలో గోడ గడియారము, మంచి పింగాణీ పాత్రలు, మగవాని జేబులో వాచీ ఉండేవని విలియం రాడ్‌క్లిఫ్ అను వర్తకుడు వ్రాసినాడు. రాట్నము వడికే ఆడవారి పని మాత్రము ఆనాడే పోయినది. దాని గురించి ఎవరూ గడియారములంత శ్రద్ధగా వ్రాయలేదు.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా గమనించవలెను. 1813 నాటికి బ్రిటనులో మరమగ్గములు సుమారు 2,400 మాత్రమే. చేతిమగ్గములు రెండు లక్షలకు పైన. అనగా మరమగ్గము ఇంకా పోటీకి రానే లేదు. అయినా వారానికి 20 షిల్లింగులకు పైబడి సంపాదించిన నేతవారి కూలి అప్పటికే పడిపోసాగినది. కారణమేమి? నూలు ఇచ్చి గుడ్డ పుచ్చుకొనే వర్తకుడే రేటు కట్టేవాడు. సాదా నేత కొద్ది వారములలో పట్టుబడుతుంది గనుక వేలమంది మగ్గమెక్కినారు. 1815లో యుద్ధము ముగిసి ఇళ్ళకు వచ్చిన సిపాయీలు, ఐర్లండు నుంచి వచ్చిన పేదలు కూడ చేరినారు. ఒకడు ఆ రేటుకు నేయనంటే మరొకడు సిద్ధము. కూలి కోసము సంఘము కట్టుట 1799, 1800 చట్టముల ప్రకారము నేరము. 1824 వరకు ఆ చట్టములు ఉన్నవి. రేటు తగ్గినకొద్దీ ఇల్లు గడవడానికి ఎక్కువ గుడ్డ నేసినారు. గుడ్డ ఎక్కువైనకొద్దీ రేటు మరింత తగ్గినది. ఈ సుడిగుండము ఎట్టిదో మన సభ్యులకు నేను చెప్పనక్కరలేదు.

కనీస కూలి నిర్ణయించమని 1808లో కోరితే పార్లమెంటు త్రోసిపుచ్చినది. మాంచెస్టరులో గుమికూడిన నేతవారి మీదికి సైనికులను పంపగా ఒకడు చనిపోయినాడు. జాన్ ఫీల్డెన్ అను సభ్యుడు, తాను మిల్లు యజమాని అయి ఉండి కూడ, 1835లో మళ్ళీ ప్రయత్నించి ఓడిపోయినాడు. అప్పటికి మరమగ్గములు లక్షకు చేరినవి, చేనేతవాని వారపు కూలి సుమారు 6 షిల్లింగులకు దిగినది. వాని బిడ్డలు మిల్లుకు వెళ్ళినారు. ఆడవారికి, పిల్లలకు రోజుకు పది గంటలే పని అను చట్టము ఏండ్ల తరబడి ఆందోళన జరిగిన తరువాత 1847లో గాని రాలేదు. గుడ్డ చౌక అయినది, పేదవాడు కూడ నూలు చొక్కా తొడిగినాడు. అది అబద్ధము కాదు.

మన సంగతి. మనము నేసేదీ మిల్లు నూలే గనుక మనము యంత్రమునకు పూర్తిగా వెలిగా ఎన్నడూ లేము. తెలంగాణ నుంచి షోలాపురము, భివండి చేరిన మనవారు చాలామంది మరమగ్గములు నడిపినారు. షోలాపురములో ఆడవారు బీడీలు చుట్టినారు. దేశములో చేనేత, అనుబంధ పనులవారు 1995-96 లెక్కలలో 65 లక్షలకు పైన, 2019-20 లెక్కలలో 35 లక్షలు. ఈ 35 లక్షలలో ఎక్కువమంది స్త్రీలు. చేనేతకు కొన్ని రకములు ప్రత్యేకించుతూ 1985లో చట్టము వచ్చినది. మొదట 22 రకములు, తరువాత 11. కనీస వేతనముల చట్టము 1948లోనే చేసినారు గాని, ఇంట్లో ముక్కల లెక్కన నేసేవానికి అది అందినది అరుదు.

కనుక ముందు మన రేటు ఎట్లా కడుతున్నామో చూచుకొనవలెను. చీరకు ఇంత అని చెప్పుకొంటున్నాము. ఆసు పోయుట, గంజి పెట్టుట, పడుగు అతుకుట, కండెలు చుట్టుట, వీటికి ఇంటి ఆడవారు, ముసలివారు పెట్టిన గంటలు ఆ రేటులో ఎక్కడ ఉన్నవి? ప్రతి సభ్యుడు ఒక పడుగు మొదలు నుంచి కోత వరకు ఎవరెవరు ఎన్ని గంటలు పని చేసినదీ ఒక నోటుపుస్తకములో వ్రాసి సంఘమునకు తేవలెను. చదువు రానివారు పిల్లల చేత వ్రాయించవచ్చును. రేటు మాట ఆ పుస్తకములు ముందు పెట్టుకొని మాట్లాడుదాము.