కాచితే ఫ్లోరైడ్ పోతుందా?

నీళ్ళు కాచి తాగండి అని మేమే ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాము. విరేచనాలకు, కామెర్లకు ఆ మాట సరియైనదే. కాని టీకాలకు వచ్చిన తల్లులు "బోరు నీళ్ళే సిస్టరమ్మా, మంచిగ మసలబెట్టి తాపుతున్నం" అన్నప్పుడు మేము ఇంకొక మాట చెప్పవలసి వస్తుంది. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో అది ఇంకా ఎక్కువవుతుంది. గుడ్డతో వడగట్టినా, క్యాండిల్ ఫిల్టరులో పోసినా తొలగదు.

నల్గొండ, మహబూబ్‌నగర్ నేలల కింద ఉన్నది గ్రానైటు రాయి. దానిలోని ఖనిజాల నుండి ఫ్లోరైడ్ బోరు నీటిలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ముందు పళ్ళకు గార, తరువాత మెడ, నడుము బిగిసిపోవడం, కాళ్ళు వంకరపోవడం. వంగిన ఎముకను చక్కచేసే మాత్ర ఏ ఆసుపత్రిలోనూ లేదు.

నాగపూరులోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన శుద్ధి పద్ధతికి మన ఊరి పేరే ఉన్నది, నల్గొండ టెక్నిక్. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలుపుతారు. పటికలోని అల్యూమినియం తెల్లని తునకలై, ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగుకు దిగుతుంది. ఎంత పటిక వేయాలన్నది ఆ నీటిని పరీక్షించి చెప్పాలి. తక్కువైతే ఫ్లోరైడ్ మిగులుతుంది, ఎక్కువైతే అల్యూమినియం మిగులుతుంది. ఇంట్లో అందాజాగా వేయకండి.

కరెంటుతో చేసే పద్ధతి కూడా ఉన్నది. నీటిలో అల్యూమినియం రేకులు నిలిపి, బ్యాటరీ ఇచ్చే రకం కరెంటు పంపుతారు. ఒక రేకు కొద్దికొద్దిగా కరిగి అవే తునకలు తయారవుతాయి, పటికతో పని లేదు. సోలారు కరెంటుతోనూ నడపవచ్చు. అయితే అరిగిన రేకు మార్చాలి, అడుగున చేరిన మడ్డి తీయాలి. ఆ మడ్డిని చెరువులో పారబోస్తే శ్రమంతా వృథా.

నాన్‌స్టిక్ పెనాల తయారీలో, మంటలార్పే నురగలో వాడిన ఫ్లోరిన్ రసాయనాల గురించి ఇప్పుడు ప్రపంచమంతా మాట్లాడుతున్నారు. అవి వేరు. వాటిలో ఫ్లోరిన్ కార్బన్‌ను గట్టిగా పట్టుకొని ఉంటుంది. వజ్రపు పూత రేకులతో కరెంటు పంపి ఆ పట్టు విడదీసే ప్రయత్నాలు జరుగుతున్నాయి. విడిపోయాక నీటిలో మిగిలేది ఏమిటి? మన ఫ్లోరైడే! దానిని ఇక విరగ్గొట్టేది లేదు, పట్టి బయటికి తీయవలసిందే.

అందుకే బోరు నీటిని బాగుచేసుకోవడం కన్న నది నీళ్ళు తాగడం మేలని మా అభిప్రాయం. 2016లో మొదలైన మిషన్ భగీరథతో అవి నల్లాలకు వచ్చాయి. అయినా మందు వాసన వస్తుందని కొందరు పెద్దవాళ్ళు మళ్ళీ బోరు దగ్గరికే పోతున్నారు, వెంట మనవళ్ళూ అవే తాగుతున్నారు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు వచ్చే పళ్ళు చిగురు లోపలే తయారవుతుంటాయి. నల్లా నీళ్ళు బిందెలో పట్టి, పలుచని గుడ్డ కప్పి కొంతసేపు ఉంచండి, వాసన తగ్గుతుంది. బోరు నీళ్ళు స్నానానికి, బట్టలకు వాడుకోవచ్చు. తాగడానికే కాదు, అన్నం, పప్పు, చాయ్‌కి కూడా నల్లా నీళ్ళే పోయండి. నల్లా రాని రోజు కోసం రెండు బిందెలు పక్కన పెట్టుకోండి.