ప్రవక్తలు పలికిన శ్లేష: సందేహాలు – సమాధానాలు

కోచింగ్ కోసం అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్నాను. ఆమోసు 8వ అధ్యాయంలో దేవుడు పండ్ల గంప చూపించి, వెంటనే ఇశ్రాయేలుకు అంతం వచ్చిందంటాడు. పండ్లకూ అంతానికీ సంబంధమేమిటి?
– ఒక విద్యార్థిని, మైత్రీవనం దగ్గర

సంబంధం చెవికి తెలుస్తుందమ్మా. హీబ్రూలో వేసవి పండ్లు ‘కయిత్స్’, అంతం ‘కేత్స్’. ఆమోసుది యూదాలోని తెకోవ. ప్రవచించింది మాత్రం ఉత్తర రాజ్యంలో. అక్కడి యాసలో ఈ రెండు మాటలూ ఒకేలా వినిపించేవని పండితులు భావిస్తారు. గెజెరులో 1908లో బయటపడిన చిన్న సున్నపురాతి పలక దీనికి ఆసరా. దాని మీద ఏడాది పొడవునా జరిగే సేద్యపు పనులు నెలల వరుసలో చెక్కి ఉన్నాయి. ఆఖరి నెల వేసవి పండ్లది. ఆ మాటలో ‘య’ లేదు, అచ్చం ‘అంతం’లాగే రాశారు. ఇప్పుడు ఆ వచనాలు మళ్లీ చదవండి. ‘ఏం కనబడుతోంది?’ అని దేవుడు అడుగుతాడు, ఆమోసు జవాబిస్తాడు. తీర్పులోని మాట ముందు ప్రవక్త నోటే వచ్చేసింది! శ్లేష అనగానే మనకు పింగళి సూరన రాఘవపాండవీయం గుర్తొస్తుంది. దాన్ని విప్పడానికి పాండిత్యం కావాలి. ఆమోసు మాట దారినపోయేవాడికి కూడా తగిలేది.

యిర్మీయా గ్రంథంలోని షేషకు ఏ దేశం? మ్యాపుల్లో దొరకలేదు.
– పంజాగుట్ట పాఠకుడు

అది బబులోనే. హీబ్రూలో 22 అక్షరాలు. మొదటిదానికి బదులు చివరిది, రెండోదానికి బదులు చివరి నుంచి రెండోది, ఇలా మార్చి రాయడాన్ని ‘అత్బాష్’ అంటారు. బాబెల్‌లోని బ-బ-ల అలా ష-ష-క అవుతాయి. భయంతో పేరు దాచారని కొందరంటారు. నేను ఒప్పుకోను. 51:41లో షేషకు అన్నాక, అదే వచనంలో బబులోను పేరు బాహాటంగా ఉంది. దాచేవాడు అలా రాయడు. ఇది శత్రువు పేరును తలకిందులు చేసిన ఎత్తిపొడుపు.

బైబిల్లో అక్షరాలు ఎడంగా లెక్కపెడితే భవిష్యత్తు తెలుస్తుందని మా స్నేహితుడు డబ్బు కట్టి క్లాసులకు వెళుతున్నాడు. నిజమేనా?
– అమీర్‌పేట నుంచి మరొకరు

మానేయమనండి. మైకేల్ డ్రాస్నిన్ 1997లో రాసిన పుస్తకంతో ఈ మోజు పెరిగింది. బ్రెండన్ మెక్‌కే అనే గణితవేత్త ‘మోబీ డిక్’ నవలలోనూ అదే పద్ధతిలో ప్రముఖుల హత్యల ‘జోస్యాలు’ చూపించారు. అక్షరాలు లక్షల్లో ఉంటే కావలసిన మాట ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఆ డబ్బుతో హీబ్రూ అక్షరమాల నేర్చుకుని, యెషయా 5:7 పైకి చదవమనండి. దేవుడు మిష్పాత్ (న్యాయం) కోసం చూస్తే మిస్పాహ్ (రక్తపాతం), త్సెదాకా (నీతి) కోసం చూస్తే త్సెఆకా (ఆర్తనాదం) ఎదురయ్యాయి.