దోమకాటు వ్యాధుల లెక్క: బేగంపేట నుండి రీయూనియన్ ద్వీపం వరకు

ఒక వ్యాధి ఎంతమందికి సోకిందో తెలుసుకోవడం సులభమని సాధారణంగా భావిస్తాం. ఆసుపత్రి రిజిస్టరు తెరచి పేర్లు లెక్కిస్తే చాలుననిపిస్తుంది. కాని రిజిస్టరులో ఉండేది ఆసుపత్రికి వచ్చినవారి సంఖ్య. వ్యాధి సోకినవారి సంఖ్య కాదు. ఈ రెండింటి మధ్యగల అంతరాన్ని శాస్త్రజ్ఞులు ఏ విధంగా కొలుస్తారో, ఆ కొలత మనకెందుకు అవసరమో ఈ వ్యాసంలో వివరించదలచాం.

రాస్ చూపిన మార్గం

దోమలద్వారా వ్యాపించే వ్యాధుల చరిత్రలో మన బేగంపేటకు విశిష్ట స్థానమున్నది. సైనిక వైద్యుడైన రొనాల్డ్ రాస్ ఇక్కడ 1897 ఆగస్టు 20న, మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపులో ఆ వ్యాధి పరాన్నజీవిని కనుగొన్నాడు. హుసేన్ ఖాన్ అనే ఆ రోగికి, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా చొప్పున చెల్లించాడు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి లభించింది. ఈ సంగతులు మన విద్యార్థులకు విదితమే. ఆయన తరువాతి కృషి మాత్రం అంతగా ప్రచారం పొందలేదు.

1907-08లో రాస్ మారిషస్ ద్వీపానికి వెళ్ళాడు. చెరకు తోటల్లో పనికై కోరంగి రేవునుండి ఓడలెక్కిన తెలుగు కూలీల సంతతివారు నేటికీ నివసించే ద్వీపమది. అక్కడ ఆయన జ్వరంతో ఉన్నవారిని లెక్కించడంతో తృప్తిపడలేదు. పిల్లల పొట్టలు తడిమి, ప్లీహం పెరిగినవారు నూటికెందరో గణింపజేశాడు. మలేరియా మరల మరల సోకినవారిలో ప్లీహం ఉబ్బుతుంది. జ్వరం తగ్గినా ఆ చిహ్నం కొంతకాలం నిలుస్తుంది. అంతేకాక, దోమల సంఖ్యను, మనుషుల సంఖ్యను కలిపి వ్యాధి వ్యాప్తిని గణితంగా వ్రాశాడు. దోమలను పూర్తిగా నిర్మూలించలేకపోయినా, ఒక హద్దుకు దిగువకు తగ్గిస్తే వ్యాధి క్రమంగా అంతరిస్తుందని ఆ గణితం తెలిపింది.

రీయూనియన్ పాఠం

మారిషస్‌కు సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఫ్రెంచి పాలనలోని రీయూనియన్ ద్వీపమున్నది. 2005-06లో అక్కడ చికున్‌గున్యా చెలరేగింది. మలేరియాకు కారణం పరాన్నజీవి. దీనికి కారణం వైరస్. మలేరియా దోమ రాత్రి కుడుతుంది. దీనిని మోసే ఏడిస్ దోమ పగలు కుడుతుంది. 1952లో నేటి టాంజానియా దక్షిణ భాగంలో ఈ వ్యాధిని తొలిసారి గుర్తించారు. కీళ్ళనొప్పులతో మనిషి వంగిపోవడాన్ని సూచించే మకొండే భాషాపదమే దీని పేరు.

2004లో కెన్యా తీరంలోని లాము ద్వీపంలోను, 2005 ఆరంభంలో కొమొరోస్ దీవుల్లోను వ్యాపించి, ఈ వైరస్ రీయూనియన్ చేరింది. మొదట అధికారులు ఒక్కొక్క రోగిని వెదకి లెక్కించారు. వ్యాధి పెచ్చుపెరిగాక అది సాధ్యం కాలేదు. అప్పుడు ఎంపిక చేసిన కొందరు వైద్యుల వద్దకు వచ్చే రోగుల సంఖ్యనుబట్టి ద్వీపమంతటి సంఖ్యను అంచనా వేశారు. 2006 ఫిబ్రవరిలో ఒక్క వారంలోనే 45,000కు మించి కొత్త రోగులున్నట్లు తేలింది. మొత్తం అంచనా 2,66,000.

ఈ అంచనా ఎంతవరకు నిజం? దీనికి సమాధానం రక్తమే చెప్పగలదు. వైరస్ సోకిన శరీరం ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. జ్వరం తగ్గిన చాలాకాలం తరువాత కూడా అవి రక్తంలో ఉంటాయి. రాస్‌కు ప్లీహం ఏ సాక్ష్యమిచ్చిందో, నేటి శాస్త్రజ్ఞులకు ప్రతిరక్షకాలు ఆ సాక్ష్యమిస్తాయి. వ్యాధి తగ్గాక 2006లోనే అక్కడ 2,442 మంది రక్తాన్ని పరీక్షించగా, నూటికి 38 మందికి పైగా వైరస్ సోకినట్లు వెల్లడైంది. ద్వీప జనాభా సుమారు 7,85,000. కనుక సోకినవారు దాదాపు 3,00,000 మంది.

ఎనిమిది లక్షలకు చేరువైన జనాన్ని రెండున్నర వేలమందితో కొలవవచ్చునా అని సందేహం కలుగవచ్చు. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలునంటాం. అయితే కుండను బాగా కలిపి ఉండాలి. ఏరి పట్టిన మెతుకు నిజం చెప్పదు. ఆసుపత్రికి వచ్చినవారినే పరీక్షిస్తే అదే పొరపాటు జరుగుతుంది. అందరికీ సమాన అవకాశముండేటట్లు ఎంపిక చేస్తే, ఇంత నమూనాలో తేడా ఇరువైపులా రెండు, రెండున్నర శాతాన్ని మించదు.

ఈ కొలత భవిష్యత్తును కూడా సూచిస్తుంది. నూటికి 38 మందికి సోకినదంటే, 62 మందికి రక్షణ లేదని అర్థం. తరువాత పుట్టిన పిల్లలు వారికి తోడవుతారు. 2025లో అదే ద్వీపంలో వ్యాధి మళ్ళీ విజృంభించి, పరీక్షలలో రుజువైన రోగులే 50,000 దాటారు.

మన లెక్క

అదే హిందూమహాసముద్ర కాలంలో, అదే వంశానికి చెందిన వైరస్ మన గడ్డపై కూడా కనిపించింది. 2005 చివర ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన వ్యాధి 2006లో దేశమంతటా సుమారు 13.9 లక్షల అనుమానిత రోగులను చూపింది. నాటి ఉమ్మడి రాష్ట్రంలో నమోదైనవారు 77,535 మంది. జనాభాతో పోల్చితే ఇది వెయ్యికి ఒకరు మాత్రమే.

2017-18లో 15 రాష్ట్రాలలో 5 నుండి 45 ఏళ్ళ మధ్యగల 12,300 మంది రక్తాన్ని పరీక్షించారు. దక్షిణాదిలో నూటికి 43 మందిలో చికున్‌గున్యా ప్రతిరక్షకాలు కనిపించాయి. ఇవి అనేక సంవత్సరాల సోకుడు మొత్తమన్నది నిజమే. అయినా రిజిస్టరులోని వెయ్యికి ఒకరికీ, రక్తంలోని నూటికి 43 మందికీ గల దూరం గమనించదగినది. జ్వరంతో పనికి వెళ్ళలేక, వాచిన కీళ్ళతో ఇంటిలోనే మూలిగిన కూలీ, మాత్ర కొనుక్కుని సరిపెట్టుకున్న గృహిణి ఏ కాగితంపైకీ ఎక్కలేదు. లెక్కలోకి రానివారికోసం మందులు గాని, నిధులు గాని కేటాయింపబడవు. కనుక కొలత శాస్త్ర విషయమే కాదు, న్యాయ విషయం కూడా.

విద్యార్థులు చేయదగినది

రక్తపరీక్షలు మన శక్తికి మించినవి. దోమల లెక్క అటువంటిది కాదు. ఒక బస్తీలో 100 ఇళ్ళు చూడాలి. గోలేలు, సిమెంటు తొట్లు, కూలర్లు, పూలకుండీలు, పాత టైర్లలోని నీటిని పరిశీలించాలి. ఉదాహరణకు 12 ఇళ్ళలో 20 పాత్రలలో దోమపిల్లలు కనిపించాయనుకుందాం. అప్పుడు ఇళ్ళ సూచిక 12, పాత్రల సంఖ్యనుబట్టి గణించే బ్రెటో సూచిక 20 అవుతుంది. తొట్లు తోమి, మూతలు పెట్టించి, నెల తరువాత మళ్ళీ లెక్కిస్తే మన ప్రయత్న ఫలితం అంకెలలోనే తెలుస్తుంది.

వర్షకాలానికి ముందు, తరువాత ఇట్టి గణన జరిపించడానికి కళాశాల కమిటీ పెద్దలు పూనుకొనవలెనని కోరుతున్నాం. ప్రశ్నలపట్టీ తెలుగులోను, ఉర్దూలోను ఉంటే ఏ ఇంటి గడపవద్దా మాట తడబడదు. దోమ రహస్యం బయటపడిన చోటనే దోమల లెక్క కూడా క్రమంగా సాగాలన్నది మా ఆకాంక్ష.