శ్వాసరోగ తీవ్రతలో సాధ్యాసాధ్య విచారణ

చికిత్స ప్రారంభించుటకు ముందే వ్యాధి సాధ్యమా, అసాధ్యమా అని విచారించవలెనని ఆయుర్వేదం వైద్యునికి విధించినది. చరక సంహితలో శ్వాసరోగం ఐదు విధాలు: మహాశ్వాస, ఊర్ధ్వశ్వాస, ఛిన్నశ్వాస, తమకశ్వాస, క్షుద్రశ్వాస. మొదటి మూడు ప్రాణాంతకాలు. క్షుద్రశ్వాస సాధ్యం. తమకశ్వాస యాప్యం, అనగా పథ్యౌషధాలతో అదుపులో ఉంచదగినది.

ఈ పాఠం నాకు కంఠస్థమే. అయినను మా మేనమామగారి విషయంలో పొరపడితిని. ఆయన చిరకాలపు పొగత్రాగుడు వలన సి.ఓ.పి.డి. అను శ్వాసకోశ వ్యాధికి లోనైనవారు. ఒక శీతకాలంలో ఆయాసం హెచ్చినప్పుడు శొంఠి, మిరియాలు, పిప్పళ్ల కషాయం ఇప్పించితిని. మరునాడు ఆయన మత్తుగా నిద్రించుచుండగా, ఉపశమనం కలిగినదని సంతోషించితిమి. అది ఉపశమనం కాదు; రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకొనుట వలన కలిగిన మగత. ఒక దినం వృథా అయిన పిమ్మట ఆసుపత్రికి చేర్చితిమి.

"మీ మామయ్య దక్కుతారా, నాయనా?" అని అత్తయ్య నన్నడిగినది. అచటి వైద్యుడు నాకొక గణనను వివరించెను. 2012లో ఇంగ్లాండు వైద్యులు, ఈ వ్యాధి ఉద్రేకించి ఆసుపత్రిలో చేరిన 920 మందిని పరిశీలించి ప్రకటించిన 'డెకాఫ్' గణన అది. అందు ఐదు అంశాలు కలవు:

1. వ్యాధి ఉద్రేకించుటకు ముందే ఆయాసం వలన ఇల్లు కదలలేని స్థితి: 1 అంకె, స్నానానికి, వస్త్రధారణకు కూడ సాయం కావలసినచో 2.
2. రక్తంలో ఇయోసినోఫిల్ కణాలు బాగుగా తగ్గుట: 1.
3. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులకు నెమ్ము కనిపించుట: 1.
4. రక్తపు పి.హెచ్. 7.30 కంటె తగ్గి ఆమ్లత్వం హెచ్చుట: 1.
5. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అను గుండె లయ తప్పుట: 1.

మొత్తం 6. ఆ పరిశీలనలో సున్న వచ్చినవారిలో ఆసుపత్రిలో మరణించినవారు నూటికి ఒకరికంటె తక్కువ. 2 వచ్చినవారిలో సుమారు 8 మంది. 3 వచ్చినవారిలో 24 మంది.

మామయ్యకు మొదటి, రెండవ, నాల్గవ అంశాలకు కలిపి 3 వచ్చినది. నూటికి 24 మంది పోయిరనగా 76 మంది బ్రతికిరనియే అర్థం. ఇది గుంపునకు చెప్పిన లెక్క, ఒక మనిషి నుదుటి వ్రాత కాదు. ఎవరిని ప్రత్యేకంగా కనిపెట్టవలెనో, ఎవరిని త్వరగా ఇంటికి పంపవచ్చునో వైద్యునికి తెలుపుటయే దీని ప్రయోజనం. అత్తయ్యతో "అపాయం ఉన్నది, ఆశ అంతకంటె ఎక్కువ ఉన్నది" అంటిని. ముఖానికి మాస్కు తగిలించి యంత్రంతో శ్వాస అందించిరి. పదకొండవ నాడు ఆయన ఇల్లు చేరిరి.

పాఠకులు గమనించవలసిన లక్షణాలు ఇవి: మాట పూర్తిచేయలేని ఆయాసం, పెదవులు నీలివర్ణం దాల్చుట, మగత, తికమక మాటలు. ఇందు ఏ ఒక్కటి కనిపించినను కషాయాలతో కాలహరణం చేయరాదు. మగతలో ఉన్నవారికి నోటిద్వారా ఏమియు పోయరాదు. ఇంట ఆక్సిజన్ సిలిండరున్నచో వైద్యుడు చెప్పిన మోతాదు మించి పెంచరాదు. ఈ రోగులలో కొందరికి అధిక ఆక్సిజన్ వలననే మగత హెచ్చును.

వ్యాధి శాంతించిన దినాలలో పొగాకు మానుట, వంటపొగకు దూరంగా ఉండుట, వేడినీరు, లఘువైన ఆహారం, వైద్యుడిచ్చిన పీల్చు మందులు క్రమం తప్పక వాడుట శ్రేయస్కరం. గృహవైద్యానికి తగిన కాలం అదియే. ఆ హద్దు నెరిగి మెలగుటయే నిజమైన పథ్యం.